పథ్యం మాన్పించాల్సి వచ్చిన కేసు: 72 ఏళ్ల అవ్వ, 36 కిలోల బరువు

ఆదోని డివిజన్‌లోని ఒక పల్లెకు చెందిన 72 ఏళ్ల అవ్వ కేసు ఇది. ఆమె అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. షుగర్, బీపీ మాత్రల కోసం విలేజ్ క్లినిక్‌కో, 104 బండి దగ్గరికో వచ్చే పెద్దవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు. రీడింగు బాగుంటే కార్డులో టిక్ పెట్టి మాత్రలిచ్చి పంపేస్తారు. ఈమె కార్డు నిండా అలాంటి టిక్కులే ఉన్నాయి. షుగర్ ఎందుకంత బాగుందని మాత్రం ఎవరూ అడగలేదు.

వచ్చిన కారణం

నేను ఈ పీహెచ్‌సీలో చేరిన కొత్తలో, ఫిబ్రవరి చివర్లో, ఆమె మాత్రలకని వచ్చింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని, మోకాళ్లలో సత్తువ లేదని, తెల్లవారుజామున ఒళ్లంతా చెమటపట్టి గుండె దడగా ఉంటోందని చెప్పింది. చిక్కిపోయిన సంగతి ఆమె నోట రాలేదు. "సారూ, అవ్వ గాజులు చూడండి, మోచేతి దాకా జారిపోతాండాయి" అని ఆశా కార్యకర్త చెప్పింది. అవ్వ నవ్వేసి, "ముసలిదాన్ని నాయనా, చిక్కిపోక ఏం చేస్తా?" అంది.

ఈ మాట పల్లెలో అందరూ నమ్ముతారు. వైద్యుల్లో కూడా చాలామంది లోలోపల నమ్ముతారు. వయసుతో కండ కొంత తగ్గడం నిజమే. కానీ కొద్ది నెలల్లో బరువు ఇంతగా పడిపోవడం వయసు పని కాదు. దానికి కారణం ఉంటుంది, చాలాసార్లు ఒకటి కాదు, నాలుగైదు ఉంటాయి.

అదృష్టం కొద్దీ ఆమె కార్డులో పాత బరువులు రాసి ఉన్నాయి. 14 నెలల కిందట డిసెంబరులో 46 కిలోలు, పోయిన మేలో 43.5, ఆగస్టులో 41. ఆ రోజు మా తూకంలో 36.4. అంటే ఆరు నెలల్లో 11 శాతం, 14 నెలల్లో 21 శాతం తగ్గింది. నడుం వంగి ఉండటం వల్ల గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు తప్పుగా వస్తుంది. అందుకే మోకాలి ఎత్తును బట్టి లెక్కగట్టాం: 148 సెంటీమీటర్లు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 16.6. పిక్క చుట్టుకొలత 26 సెంటీమీటర్లు. ఆసియా ప్రమాణాల ప్రకారం ఆడవాళ్లకు 33 కన్నా తక్కువుంటేనే కండ తగ్గిందేమోనని అనుమానించాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఒక్కసారి కూడా లేవలేకపోయింది.

పెద్దవాళ్ల పోషణను అంచనా వేసే ఎంఎన్ఏ చిన్న ప్రశ్నావళిలో 14కు 7 వచ్చాయి. 12 నుంచి పైన మామూలు, 8 నుంచి 11 వరకు ప్రమాదం, 7 లేదా అంతకన్నా తక్కువైతే పోషకాహార లోపం. ఆరు ప్రశ్నల ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. బీఎంఐ లెక్కగట్టడం కుదరకపోతే పిక్క కొలతతో చేయొచ్చు. కాబట్టి టేపు ఒక్కటి ఉన్నా ఈ పని ఆగదు.

ఇల్లు, తిండి

భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు, కోడలు సంక్రాంతి అయ్యాక గుంటూరు వైపు మిరపకోతకు వెళ్తారు, ఉగాదికి తిరిగొస్తారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో ఏటా ఇదే జరుగుతుంది. ఆ నెలల్లో ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, కొందరు పిల్లలు. వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు ఒకటో తారీఖున ఇంటికే వచ్చి ఇస్తారు. రేషన్ బియ్యం ఉన్నాయి. తినడానికేమీ లేని ఇల్లు కాదది.

మొదట నేను కూడా వలసనే అనుమానించాను. ఒంటరి మనిషి, ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించదు, తగ్గిపోయింది అనుకుంటే కథ సరిపోయేది. కానీ కార్డు అలా చెప్పడం లేదు. మే నుంచి ఆగస్టు దాకా కొడుకు, కోడలు ఇంట్లోనే ఉన్నారు, ఆ మూడు నెలల్లోనూ రెండున్నర కిలోలు తగ్గింది. ఇంట్లో వండిపెట్టే మనిషి ఉన్నా తగ్గిందంటే కారణం ఇంకెక్కడో ఉంది.

నిన్న పొద్దున నుంచి ఏమేం తిన్నావో వరసగా చెప్పమన్నాను. పొద్దున చక్కెర లేని టీ. పది గంటలకు ఒక జొన్నరొట్టె, పళ్లు సరిగా లేవు కాబట్టి కారం కలిపిన నీళ్లలో నానబెట్టుకుని. మధ్యాహ్నం గుప్పెడు బొరుగులు. సాయంత్రం మళ్లీ చప్పటి టీ. రాత్రి కాస్త అన్నం, పలుచటి చారు. నెయ్యి లేదు, నూనె చుక్క మాత్రమే. గుడ్డు లేదు, పెరుగు లేదు, బుడ్డలు లేవు. మా దగ్గర బుడ్డలంటే వేరుశనగలు. లెక్కేస్తే రోజుకు 650 కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు. ఆమె బరువున్న మనిషికి కనీసం 1,100 కేలరీలు కావాలి. ఇంత చిక్కిన పెద్దవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలి. ఈమె తింటున్నది కిలోకు అర గ్రాము లోపే.

బుడ్డలు పండే ఊళ్లో బుడ్డలెందుకు తినవని అడిగాను. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతలు చిరిగిపోతున్న ఒక కాగితం ఉంది. ఏడేళ్ల కిందట పట్టణంలో ఒక డాక్టరు షుగర్ చూసి ఇచ్చిన పథ్యం కాగితం. అన్నం తగ్గించాలి. బెల్లం, చక్కెర, అరటిపండు, ఉర్లగడ్డ, బుడ్డలు, నెయ్యి, గుడ్డులో పచ్చసొన మానేయాలి. ఉప్పు తగ్గించాలి.

అప్పుడామె బరువు 61 కిలోలు, షుగర్ 300 దాటి ఉంది. తగ్గమని చెప్పడం ఆ రోజుకు సరైనదే. కానీ ఆ కాగితం మీద ఎప్పటిదాకా అని లేదు. ఆమెకు చదువు రాదు, ఎవరో ఒకసారి చదివి వినిపించారు, ఒక్క ముక్క కూడా మరచిపోలేదు. కోడలు అత్త కోసం విడిగా నూనె, బుడ్డలు లేకుండా వండేది. ఇంట్లో వాళ్లంతా ప్రేమతోనే ఆ పథ్యం పాటించారు. అందుకే వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడూ బరువు తగ్గింది.

మాత్రలు

మాత్రల సంచీ బోర్లించి చూశాం. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, బీపీకి ఆమ్లోడిపిన్ 5, హైడ్రోక్లోరోథయజైడ్. ఇవి కాక మోకాళ్ల కోసం మందుల షాపులో కొనుక్కున్న డైక్లోఫెనాక్, దానివల్ల వచ్చిన కడుపు మంటకు పాంటాప్రజోల్. 61 కిలోలప్పుడు రాసిన మోతాదులే 36 కిలోల మనిషి వేసుకుంటోంది. మనిషి తగ్గింది, తిండి తగ్గింది, మాత్ర తగ్గలేదు.

కూర్చున్నప్పుడు బీపీ 118/70. మూడు నిమిషాలు నిలబెట్టి చూస్తే 94/60. కళ్లు తిరగడానికి ఇదే కారణం. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9. షుగర్ ఉన్న పాతికేళ్ల మనిషికైతే ఇది సంతోషించాల్సిన అంకె. గ్లిమిపిరైడ్ వాడుతూ, సరిగా తినని 72 ఏళ్ల మనిషిలో ఈ అంకె చూస్తే భయపడాలి. ఇలా బలహీనపడ్డ పెద్దవాళ్లలో 8 లోపుంటే చాలునని షుగర్ మార్గదర్శకాలే చెబుతాయి. తెల్లవారుజాము చెమటలు, దడ షుగర్ మరీ పడిపోవడం వల్లేనని అప్పటికే అర్థమైంది. గ్లిమిపిరైడ్ ఆ రోజే ఆపేయమన్నాను. అప్పటికే పొద్దున మాత్ర మింగి వచ్చింది, మరుసటి తెల్లవారుజామున గ్లూకోమీటర్‌తో చూడమని ఆశాకు చెప్పాను. ఈ మాత్ర ప్రభావం ఇలాంటి శరీరంలో ఒక రోజుకు మించి ఉండొచ్చు.

మిగతా ఫలితాలు క్లుప్తంగా: హిమోగ్లోబిన్ 9.4, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ 104, విటమిన్ బీ12 140. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, ఆకలి పోతుంది, నోరు ఇనుప రుచిగా ఉంటుంది. పాంటాప్రజోల్ కూడా బీ12కు శత్రువే. పొటాషియం 3.2, థయజైడ్ మాత్ర చలవ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. రిపోర్టులో ఇది నార్మల్ గడిలోనే ఉంది. కానీ కండ కరిగిపోయిన మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో ఆమె వయసు, బరువు వేసి లెక్కిస్తే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం నిమిషానికి 27 మిల్లీలీటర్ల దగ్గర వచ్చింది. ఆ లెక్కలో మెట్‌ఫార్మిన్, డైక్లోఫెనాక్ రెండూ మానాల్సినవే. రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తి 3.4 వచ్చింది గానీ దాన్ని పోషణకు కొలమానంగా తీసుకోలేదు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే అల్బుమిన్ తగ్గుతుంది. తిండి లేక ఎండిపోయిన మనిషిలో బాగానే కనిపించొచ్చు.

బరువు ఇంత తగ్గినప్పుడు టీబీ, క్యాన్సర్, థైరాయిడ్ చూడకుండా పథ్యం మీద నెపం వేయకూడదు. ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష, టీఎస్‌హెచ్, కడుపు స్కానింగ్, మలంలో రక్తం పరీక్ష చేయించాం, రొమ్ములు, మెడ గడ్డలు, నోరు చూశాం. ఏమీ లేవు. నోట్లో ఐదు పళ్లు, రెండు విరిగిన పంటి వేళ్లు, చీము. అవే నొప్పి. ఆకు వక్క నమలడం ఉంది. జ్ఞాపకశక్తి బాగుంది. దిగులు గురించి అడిగితే, "పిల్లోల్లు వస్తే బాగుంటాది, పోతే ఇట్లనే ఉంటాది" అంది. డిప్రెషన్ అనేంత లేదు. కానీ ఒంటరితనం ఆకలిని తినేస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేయలేదు.

చక్కెర నీళ్ల తెల్లవారుజాము

పథ్యం ఆపమని చెప్పడం ఈ కేసులో అన్నిటికన్నా కష్టమైన వైద్యం. ఆమె ఒప్పుకోలేదు. "ఏడేండ్లుగా పథ్యం తప్పలేదు నాయనా. పెండ్లిలో కూడా పాయసం నోట్లో పెట్టలేదు. మా అక్కకు షుగర్ ఎక్కువై కర్నూలులో కాలు తీసేసినారు. నా కాళ్లు నాకున్నాయంటే పథ్యం వల్లనే." ఇది మొండితనం కాదు. అక్క కాలు పోవడం కళ్లారా చూసిన మనిషి, తన కాళ్లను కాపాడుకోవడానికి నోరు కట్టేసుకుంది. ఆ భయాన్ని గౌరవించకుండా అవన్నీ వట్టి మాటలని కొట్టిపారేస్తే ఆమె మా దగ్గరికి మళ్లీ రాదు.

మరుసటి రోజు తెల్లవారుజామున ఐదుకు ఆశా వెళ్లేసరికి అవ్వ చెమటతో తడిసి కూర్చుని ఉంది. గ్లూకోమీటర్‌లో 58. నాకు ఫోన్ చేసింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించమన్నాను. తాగనంది. ఆశా బతిమాలి తాగించింది. పదిహేను నిమిషాలకు 96. వణుకు ఆగింది. "ఇదేంది, చక్కెర తాగితే పానం లేచొచ్చె" అందట. పొద్దున నేను వెళ్లినప్పుడు ఆమే అడిగింది, షుగర్ తక్కువై కూడా ప్రాణం పోతుందా అని. పోతుందని చెప్పాను. 61 కిలోలప్పటి కాగితం ఇప్పటి ఒంటికి పనికిరాదని, కాళ్లు పోకుండా చూసే బాధ్యత నాదని, షుగర్ నెలనెలా చూస్తానని చెప్పాను. ఆ కాగితం వెనక ఈ రోజు తారీఖు వేసి, ఇది ఇక చెల్లదని రాసి సంతకం పెట్టాను. ఆమె దాన్ని మళ్లీ అదే కవరులో పెట్టుకుంది.

షుగర్ ఉన్నవాళ్లందరూ బెల్లం తినొచ్చని ఇక్కడ ఎవరూ అర్థం చేసుకోవద్దు. 70 కిలోలుండి హెచ్‌బీఏ1సీ 9 ఉన్న మనిషికి అన్నం, చక్కెర, బెల్లం తగ్గించమన్న ఆ పాత సలహా సరైనదే.

చేసిన వైద్యం

మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, థయజైడ్, డైక్లోఫెనాక్ ఆపేశాం. పాంటాప్రజోల్ రెండు వారాల్లో మాన్పించాం. ఆమ్లోడిపిన్ ఉంచాం. మోకాళ్లకు పారాసిటమాల్. బీ12 ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికి, తర్వాత నెలకు ఒకటి.

తిండిని ఒక్కసారిగా పెంచలేదు. బీఎంఐ 18.5 లోపు, ఆరు నెలల్లో పది శాతానికి మించి తగ్గుదల, ఈ రెండూ కలిస్తే రీఫీడింగ్ సిండ్రోమ్ ముప్పు ఎక్కువ. ఎండిపోయిన ఒంట్లోకి పిండిపదార్థాలు ఒక్కసారిగా వెళ్తే ఇన్సులిన్ లేచి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పొచ్చు. అందుకే ముందు థయమిన్ (విటమిన్ బీ1) 100 మిల్లీగ్రాములు రోజూ, పొటాషియం సిరప్. మూడు నాలుగు రోజులకోసారి 200 కేలరీలు పెంచుతూ, మొదటి రెండు వారాల్లో రక్తపరీక్షలు మళ్లీ చేయించాం. ఫాస్ఫేట్ ఆదోనిలో బయటి ల్యాబులో చేయించాల్సి వచ్చింది. పాదాలకు నీరు చేరిందేమో ఆశా రోజూ చూసేది.

డబ్బా పౌడర్లు రాయలేదు. వాటికయ్యే ఖర్చుతో ఇంట్లో నెలంతా గుడ్లు, పాలు వస్తాయి. ఆమె వంటింట్లో ఉన్నవి, ఆమెకు వండటం వచ్చినవి, నమలకుండా మింగగలిగినవి, ఇంతే చూసుకున్నాం. రాయలసీమలో పప్పుల పొడి లేని ఇల్లుండదు. దానికి వాడే పుట్నాలు వంద గ్రాముల్లో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి, పొడి కాబట్టి పళ్లతో పనిలేదు. పొద్దున పాలతో కాచిన రాగిజావలో రెండు చెంచాల పప్పుల పొడి, చిన్న బెల్లం ముక్క. రొట్టె కారపు నీళ్లలో కాక గట్టి పప్పులో నానబెట్టుకోవాలి, పైన ఒక చెంచా నూనె. రోజుకో గుడ్డు, మెత్తగా పొరుటు చేసి. సాయంత్రం వేయించి దంచిన బుడ్డల పొడి. రాత్రి పెసరపప్పు వేసి మెత్తగా వండిన అన్నం, పెరుగు, కాస్త నెయ్యి. అన్నీ తిన్న రోజున 1,400 కేలరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. కిడ్నీ లెక్క చూసి మాంసకృత్తులు తగ్గించాలా అని ఆలోచించాను. ఇంత ఎండిపోయిన మనిషికి ముందు కండ కావాలి. క్రియాటినిన్ చూస్తూ ముందుకే వెళ్లాం, డైక్లోఫెనాక్ ఆపాక అది 0.9కి వచ్చింది కూడా.

టీ తిండికి ముందు కాక తర్వాత తాగమన్నాం. కుర్చీలోంచి చేతుల సాయంతో లేచి కూర్చోవడం రోజూ రెండు పూటలా, తర్వాత చేతులు ఆనించకుండా. మాంసకృత్తులు ఎంత తిన్నా పని చేయించకపోతే కండ పట్టదు. పళ్ల వేళ్లు ఆదోని ఆసుపత్రిలో తీయించాం.

ఒక్కదానికి వండుకోవడం అన్నదానికి పరిష్కారం ఆశా చెప్పింది. పక్క వీధిలో ఇంకో అవ్వ ఉంది, ఆమె పిల్లలూ మిరపకోతకే పోయారు. ఇద్దరికీ వరస కూడా కలుస్తుంది, అక్కా చెల్లెళ్లు. ఒక పూట ఈ ఇంట్లో, ఒక పూట ఆ ఇంట్లో కలిసి వండుకుని తినడం మొదలుపెట్టారు. మాత్రలు ఆపడం సంగతి పక్కన పెడితే, ఎక్కువ ఫలితమిచ్చింది ఇదేనని నా అభిప్రాయం. రెండో అవ్వను కూడా తూచాం, ఎంఎన్ఏలో ఆమెకు 9.

తర్వాత

రెండు వారాలకు 36.9 కిలోలు. ఖనిజ లవణాలు బాగున్నాయి, పాదాల్లో నీరు లేదు. చెమటలు మళ్లీ రాలేదు. నిలబడితే బీపీ పడటం తగ్గింది. ఉగాది నాటికి 38. నోటి ఇనుప రుచి పోయింది, "కూరకు రుచి తెలుస్తాంది" అంది. మే మొదట్లో 39.2.

తర్వాత ఎండల్లో విరేచనాలు పట్టుకుని ఒకటిన్నర కిలో పోయింది. అదే సమయంలో బంధువొకరు వచ్చి, షుగర్ మాత్రలు మానేసి బెల్లం తింటున్నావా, కాళ్లు పోతాయని బెదిరించారు. జావ, గుడ్డు రెండూ మానేసింది. ఈసారి నేను చెప్పాల్సిన పని రాలేదు. కోడలు నాకు ఫోన్ చేసి అడిగి, ఆ బంధువు ముందే గ్లూకోమీటర్‌తో చూపించింది: తిన్నాక 148. ఇన్నేళ్లు విడిగా చప్పిడి వండిన కోడలే ఇప్పుడు అత్త కంచంలో నెయ్యి వేస్తోంది.

ఆగస్టు చివర్లో 40.3 కిలోలు, పిక్క 27.5 సెంటీమీటర్లు, హిమోగ్లోబిన్ 11.1. షుగర్ మాత్ర ఒక్కటీ లేకుండా హెచ్‌బీఏ1సీ 6.8. ఆమ్లోడిపిన్‌తో బీపీ 134/76. కుర్చీలోంచి ఐదుసార్లు చేతులు ఆనించకుండా 17 సెకన్లలో లేచింది. 12 సెకన్ల లోపు లేవాలి, ఇంకా దూరముంది. బీఎంఐ 18.4. డెబ్బై దాటిన ఆసియా వాళ్లకు 20 ఉండాలంటారు. కాబట్టి పోషకాహార లోపం తగ్గుతోంది, పోలేదు.

2017-18లో పెద్దవాళ్ల ఆరోగ్యం మీద దేశమంతటా చేసిన లాసీ సర్వేలో 60 దాటిన వాళ్లలో నాలుగో వంతుకు పైగా ఉండాల్సిన బరువు కన్నా తక్కువున్నారు. గర్భిణికి, బిడ్డకు అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, తూకం ఉన్నాయి. అదే వీధిలోని అవ్వకు, తాతకు తూకం కూడా లేదు. 104 బండిలో బీపీ మిషన్‌తో పాటు బరువు తూకం ఉంటుంది. అరవై దాటిన ప్రతి ఒక్కరినీ దానిమీద నిలబెట్టి, పోయిన నెల అంకె పక్కన ఈ నెల అంకె రాయడానికి కొత్త పథకం అక్కర్లేదు. మా పీహెచ్‌సీ పరిధిలో ఆశాలు ఇప్పుడు ఆ పని చేస్తున్నారు. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గితే నాకు చెప్పాలి. తగ్గినవాళ్లకు మొదట చూసేది మాత్రల సంచీ, ఆ తర్వాత పథ్యం.

అవ్వకు కట్టుడు పళ్లు ఇంకా పెట్టించలేదు. చిగుళ్లు మానాయి, కొలత తీసుకోవాలి. కొడుకు, కోడలు ఈ ఏడూ సంక్రాంతి అయ్యాక వెళ్తారు. ఆ లోపు పళ్లు అమరేలా డెంటల్ డాక్టరుతో మాట్లాడి ఉంచాను. పప్పుల పొడి, బుడ్డల పొడి రెండు నెలలకు సరిపడా చేసిపెట్టి వెళ్తానని కోడలు చెప్పింది. వాళ్లు వెళ్లిన వారం నుంచి నెలకు రెండుసార్లు ఆశా తూకం వేస్తుంది.